వేలికొసల చదువు

చదువు అనగానే మనకు కన్నూ చెవీ గుర్తుకు వస్తాయి. గురువు చెప్పినదాన్ని చెవితో వింటాం. పుస్తకంలో ఉన్నదాన్ని కంటితో చూస్తాం. ఈ రెండింటితోనే విద్య పూర్తయిందని భావిస్తాం. మన పూర్వులు మాత్రం శబ్ద స్పర్శ రూప రస గంధాలు ఐదింటినీ జ్ఞానానికి ద్వారాలుగానే గుర్తించారు. ఆ వరుసలో స్పర్శ రెండవది. రూపం దాని తరువాతిది. కుండ అంచు ఎంత పలుచబడిందో కుమ్మరికి చెప్పేది వేలికొస. పోగు ఎక్కడ తెగిందో నేతకారునికి చెప్పేది వేలికొస. తీగ ఎంత లాగితే స్వరం పలుకుతుందో వైణికునికి చెప్పేదీ వేలికొసే. ఈ చదువుకు పాఠశాలలో గంట కొట్టరు, మార్కులు వేయరు. అయినా లోకంలో సగం పనులు దీనిమీదనే నడుస్తున్నాయి.

ఇప్పుడు అక్షరం రాయడం కూడా చాలామందికి మీటలు నొక్కే పనిగా మారింది. కలం పట్టుకునే వేళ్లు కంప్యూటరు కీబోర్డు మీదికి చేరాయి. ఈ మార్పును నేను నిందించడం లేదు. కాలం మారినప్పుడల్లా రాత పరికరం మారుతూనే వచ్చింది. నేను చెప్పదలచినది ఒక చిన్న వస్తువును గురించి. ల్యాప్‌టాప్ కీబోర్డుమీద పరిచే పలుచని తొడుగును గురించి. ఇంత చిన్న విషయానికి ఒక పాఠం అవసరమా అని మీరు అడగవచ్చు. నాకూ మొదట అట్లాగే అనిపించింది. మా కుసుమంచిలో జరిగిన ఒక సంఘటన ఆ అభిప్రాయాన్ని మార్చింది.

నా దగ్గర చదువుకున్న విద్యార్థిని ఒకామె ఇంటర్మీడియట్ ముగించి, డిగ్రీ చదువుతూ, టైపిస్టు ఉద్యోగానికి సిద్ధపడుతున్నది. తండ్రి మిరప రైతు. ఆ ఏడు ఖమ్మం మార్కెట్లో పంట అమ్మిన పైకంతో బిడ్డకు ల్యాప్‌టాప్ కొన్నాడు. దుకాణదారుడు యంత్రంతోపాటు ఒక సిలికాన్ తొడుగును ఉచితంగా ఇచ్చాడు. ఆ రోజు కీబోర్డుమీద పరిచిన తొడుగును ఆ ఇంట్లో ఎవరూ మళ్లీ తీయలేదు. ఆరు నెలల సాధన తరువాత ఆమె ఒక సాయంకాలం నా ఇంటికి వచ్చింది. తాను టైపు చేసిన కాగితాలు నా ముందు పెట్టి, "సార్, నాకిది రాదేమో. వేగం పెరుగుతలేదు, తప్పులు తగ్గుతలేవు. నా చేతిలోనే ఏదో లోపం ఉన్నది" అన్నది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను ఆ కాగితాలు చదివాను. తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారికి లేఖక దోషాలను గుర్తించడం అలవాటు. నా పరిశోధన కాలంలో నేనూ ఆ పని కొంత చేశాను. ఏ తప్పు అజ్ఞానంవల్ల వచ్చిందో, ఏది అలసటవల్ల వచ్చిందో, ఏది పరికరంవల్ల వచ్చిందో తప్పుల తీరునుబట్టి కొంత ఊహించవచ్చు. ఆమెకు భాష వచ్చు. అక్షరాల స్థానాలూ తెలుసు. అయినా 'అమ్మ' అని ఉండవలసిన చోట 'అమమ' అని ఉన్నది. 'అన్న' అన్నచోట 'అనన' కనిపించింది. కొన్నిచోట్ల ఒకే అక్షరం రెండుసార్లు పడింది. తెలియక చేసిన తప్పులు కావవి. వేలు నొక్కాననుకున్నది, మీట దిగలేదు. లేదా, దిగిందో లేదో తెలియక వేలు మళ్లీ నొక్కింది. మర్నాడు యంత్రాన్ని తెమ్మన్నాను. చూడగానే విషయం అర్థమైంది.

ఆ తొడుగును వెంటనే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. దానికీ ఒక కారణం ఉన్నది. మా ప్రాంతం పాలేరు జలాశయం దాపున ఉన్నా, వేసవి వచ్చిందంటే ఎర్రదుమ్ము ఇల్లిల్లూ తిరుగుతుంది. పత్తి తీసే రోజుల్లో దూది నూగు గాలిలో తేలుతుంది. కల్లంలో మిరపకాయలు ఎండబోసిన ఇంట్లో ఆ ఘాటైన పొడి చాపమీదా మంచంమీదా పుస్తకంమీదా చేరుతుంది. అటువంటి ఇంట్లో వేల రూపాయల యంత్రాన్ని తెరచి ఉంచడానికి ఏ తండ్రి మనసు ఒప్పుకుంటుంది? తొడుగు తీయమని నేను చెప్పినప్పుడు ఆయన, "సారూ, అది ఏడాది చేను పైకం. దుమ్ము పడి ఖరాబైతే మళ్ల కొనే శక్తి నాకు లేదు" అన్నాడు. ఆ మాటకు వెంటనే బదులు చెప్పలేకపోయాను. పేదవాని జాగ్రత్తను చాదస్తమని కొట్టివేయడం తేలిక. దాన్ని గౌరవిస్తూనే, అది ఎక్కడ మేలు చేస్తున్నదో, ఎక్కడ కీడు చేస్తున్నదో విడదీసి చూడడం కష్టం.

మొదట ఆ మీట పనిచేసే తీరు తెలుసుకుందాం. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రతి మీట కిందా చిన్న రబ్బరు గుబ్బ ఒకటి ఉంటుంది. దానిపై కత్తెర ఆకారంలో అమర్చిన రెండు సన్నని ముక్కలు మీటను సమంగా పైకీ కిందికీ నడిపిస్తాయి. వేలు నొక్కినప్పుడు ఆ గుబ్బ కొంతదూరం ఎదురు నిలిచి, ఒక్కసారిగా లొంగిపోతుంది. లొంగిన ఆ క్షణమే వేలికి ఒక చిన్న తట్టులాగా తెలుస్తుంది. 'అక్షరం పడింది, ఇక తరువాతిదానికి పోవచ్చు' అని మీట వేలితో చెప్పే మాట అది. ఈ మీట కిందికి దిగే దూరం సాధారణంగా 1 నుంచి 2 మిల్లీమీటర్ల లోపే. బల్లమీద పెట్టుకునే పెద్ద కీబోర్డులలో అది దాదాపు రెండింతలు ఉంటుంది. అంటే ల్యాప్‌టాప్‌లో వేలికి అందే సమాచారం ముందే తక్కువ. దానిమీద తొడుగు పరిస్తే ఆ కొద్ది సమాచారమూ మసకబారుతుంది. తట్టు మెత్తబడుతుంది. మీటకూ మీటకూ మధ్య ఉన్న అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. సిలికాన్‌కు జారే గుణం తక్కువ కనుక వేలు ఒక మీటనుంచి మరొకదానికి జరిగేటప్పుడు పట్టుకున్నట్లు ఆగుతుంది.

ఈ తొడుగుల మందం 0.1 నుంచి 0.3 మిల్లీమీటరు దాకా ఉంటుంది. 'ఇంత పలుచని పొర ఏం చేస్తుంది?' అని కొందరు నవ్వుతారు. వారు ఒకసారి బ్రెయిలీ లిపిని తలచుకోవాలి. లూయీ బ్రెయిలీ 1829లో ప్రచురించిన ఆ లిపిలో ఒక్కొక్క చుక్క ఎత్తు సుమారు అర మిల్లీమీటరు. ఆ అర మిల్లీమీటరు ఎత్తును ఆధారంగా చేసుకుని అంధులు గ్రంథాలకు గ్రంథాలు చదువుతున్నారు. వేలికొసకు అంత సూక్ష్మమైన గ్రహణశక్తి ఉన్నది. చర్మంమీద పడిన ఒత్తిడిని నాడులు ఏ విధంగా గుర్తిస్తాయో కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌కూ, వేడిని గుర్తించే గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కూ కలిపి 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. మనం పట్టించుకోని స్పర్శను శాస్త్రలోకం అంత గొప్పగా గుర్తించింది.

కీబోర్డును నిదానంగా తడిమి చూడండి. ఎఫ్, జె అనే రెండు మీటలమీద చిన్న గీతలు ఉబ్బెత్తుగా ఉంటాయి. చూపుడువేళ్లు రెండూ అక్కడ నిలవాలని అవి చెబుతాయి. వేళ్లకు అది సొంత ఇల్లు. ఎంతదూరం వెళ్లినా తిరిగి అక్కడికే రావాలి. కళ్లు లేనివారికి ఆ గీతలే దారి చూపే దీపాలు. కళ్లున్నవారికి కూడా, చూడకుండా టైపు చేయాలంటే అవే ఆధారం. తొడుగులలో కొన్నింటికి ఆ గీతలే ఉండవు. ఉన్నవాటిలోనూ అవి మొద్దుబారి ఉంటాయి. గడప తెలియని ఇంటికి చీకటిలో తిరిగి రావడం ఎట్లాగో, ఆ వేళ్ల పరిస్థితీ అంతే.

చూడకుండా రాయడం అన్నది కంప్యూటరుతో పుట్టిన విద్య కాదు. మన తాళపత్ర లేఖకులు కొంతవరకు ఆ విద్యనే సాధించారు. ఆకుమీద ఘంటంతో రాసినప్పుడు అక్షరానికి రంగు ఉండదు. సన్నని గాటు మాత్రమే ఉంటుంది. రాత పూర్తయ్యాక మసి పూసి తుడిస్తే, గాట్లలో నిలిచిన మసివల్ల అక్షరాలు నల్లగా తేలుతాయి. అంటే రాస్తున్నంతసేపూ లేఖకునికి కన్ను చేసే సాయం తక్కువ. ఎడమచేతి బొటనవేలి ఆసరాతో ఘంటాన్ని నడిపేటప్పుడు, ఒత్తిడి ఎక్కువైతే ఆకు చీలుతుంది, తక్కువైతే మసి నిలవదు. ఆ మధ్య కొలత ఏ పుస్తకంలోనూ లేదు. లేఖకుని వేలికొసలో ఉన్నది. సి.పి. బ్రౌన్ వంటి మహనీయులు పంతొమ్మిదో శతాబ్దంలో సేకరించి మనకు మిగిల్చిన తాళపత్రాలలో కవుల ప్రతిభ ఎంత ఉన్నదో, పేరు తెలియని లేఖకుల స్పర్శ కూడా అంత ఉన్నది.

తరువాత టైపురైటరు వచ్చింది. అమెరికాలో క్రిస్టఫర్ షోల్స్ రూపొందించిన యంత్రం 1874లో మార్కెట్లోకి వచ్చింది. మొదట్లో చాలామంది మీటలను చూస్తూ రెండు మూడు వేళ్లతోనే కొట్టేవారు. 1888లో సిన్సినాటి నగరంలో ఒక పోటీ జరిగింది. ఫ్రాంక్ మెగరిన్ అనే న్యాయస్థాన లేఖకుడు మీటలవైపు చూడకుండా, అన్ని వేళ్లనూ ఉపయోగించి తన ప్రత్యర్థిని ఓడించాడు. కంటితో వెతకడంకంటే వేలితో గుర్తించడం వేగవంతమని ఆనాడు లోకానికి తెలిసింది. మన దేశంలో గోద్రెజ్ సంస్థ 1955లో టైపురైటర్ల తయారీ ప్రారంభించింది. ఆ తరువాతి దశాబ్దాలలో తాలూకా కేంద్రాలలో సైతం టైపు ఇన్‌స్టిట్యూట్ల చప్పుడు వినిపించింది.

1980ల చివర నేనూ ఖమ్మంలో అటువంటి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. మా మాస్టారు మొదటి పదిహేను రోజులు గడవగానే మీటలమీద ఒక అట్టపెట్టె బోర్లించేవారు. దానికి ముందువైపు చేతులు పోయేంత సందు ఉండేది. చేతులు పెట్టె లోపల, కళ్లు పక్కనున్న కాగితంమీద. మొదట్లో చీకటి బావిలో చేయి పెట్టినట్లుండేది. నెల తిరిగేసరికి వేళ్లకు కళ్లు వచ్చాయి. తప్పు కొట్టిన క్షణమే, కాగితం చూడకముందే, తప్పని వేలికి తెలిసేది. ఇప్పుడు ఆలోచిస్తే ఒక విచిత్రం తోస్తున్నది. ఆనాటి మూత చూపును కప్పి స్పర్శను వదిలింది. అందువల్ల వేళ్లు నేర్చుకున్నాయి. ఈనాటి తొడుగు చూపును వదిలి స్పర్శను కప్పింది. అందువల్ల వేళ్లు నేర్చుకోలేక మళ్లీ కళ్లను ఆశ్రయిస్తున్నాయి. తొడుగుమీద రంగురంగుల అక్షరాలు అచ్చువేసి అమ్మడంవల్ల ఆ ఆశ్రయం మరింత పెరుగుతున్నది.

వేగాన్ని లెక్కవేసి చూస్తే దీని ప్రాధాన్యం తెలుస్తుంది. ఇంగ్లీషు టైపు లోయర్ పరీక్షకు నిమిషానికి 30 పదాలు, హయ్యర్ పరీక్షకు 45 పదాలు కొట్టాలి. టైపు లెక్కలో ఒక పదమంటే ఐదు మీటలు. 45 పదాలంటే నిమిషానికి 225 మీటలు. అంటే క్షణానికి దాదాపు నాలుగు. క్షణంలో నాలుగు అక్షరాలను కన్ను ఒక్కొక్కటిగా సరిచూడగలదా? చూడలేదు. ఆ బాధ్యత స్పర్శది. ప్రతి మీటా 'అందింది' అని కబురు పంపాలి. ఆ కబురు ఆలస్యమైనా, అస్పష్టమైనా వేలు తడబడుతుంది.

తెలుగు విషయంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. భారతీయ భాషలకోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును తీసుకుందాం. అందులో అచ్చులూ గుణింతాలూ ఎడమవైపు, హల్లులు చాలావరకు కుడివైపు ఉంటాయి. ఒత్తు రాయాలంటే హల్లుకూ హల్లుకూ మధ్య పొల్లుగుర్తు కొట్టాలి. 'స్వాతంత్ర్యం' అన్న మాటను చూడండి. కాగితంమీద అవి మూడు అక్షరాలు. కీబోర్డుమీద స, పొల్లు, వ, దీర్ఘం, త, సున్న, త, పొల్లు, ర, పొల్లు, య, సున్న. మొత్తం పన్నెండు మీటలు. అందులో పొల్లు మూడుసార్లు వచ్చింది. వాటిలో రెండవది దిగకపోతే 'స్వాతంతర్యం' అవుతుంది. ఇంగ్లీషులో ఒక అక్షరం జారితే మాటలో చిన్న ఖాళీ కనిపిస్తుంది. తెలుగులో ఒక పొల్లు జారితే అక్షరం రూపమే మారిపోతుంది.

'అమ్మ' అనే మాట ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో అకారమూ పొల్లూ ఒకే మీటమీద ఉంటాయి. షిఫ్ట్‌తో కలిపి నొక్కితే అకారం, విడిగా నొక్కితే పొల్లు. మకారం దాని కింది వరుసలో ఉంటుంది. టైపు పద్ధతి ప్రకారం ఆ రెండు మీటలూ ఎడమచేతి మధ్యవేలివే. అంటే బిడ్డ మొదట పలికే ఆ మాట రాయడానికి ఒకే వేలు పైకీ కిందికీ, మళ్లీ పైకీ కిందికీ తిరగాలి. నున్నని మీటలమీద వేలు సులువుగా జారుతుంది. పట్టు ఉన్న తొడుగుమీద ఆగి ఆగి నడుస్తుంది. ఆమె కాగితాలలో 'అమమ' ఎందుకు పడిందో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. లోపం ఆమె చేతిలో లేదు. ఆమె చేతికీ అక్షరానికీ నడుమ ఉన్నది.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. పరీక్ష కేంద్రంలో ఇచ్చే కీబోర్డుకు తొడుగు ఉంటుందన్న నమ్మకం లేదు. ఆరు నెలలు మెత్తని పొరమీద గట్టిగా ఒత్తి కొట్టడానికి అలవాటుపడిన వేళ్లు, పరీక్షనాడు ఒక్కసారిగా గట్టి మీటలను తాకితే ఏమవుతుంది? ఊరి చెరువులో ఈత నేర్చినవాడు పారే ఏటిలో దిగినట్లవుతుంది. ఈత వచ్చు; నీటి తీరు కొత్త.

తొడుగు పక్షాన చెప్పవలసిన మాటలు కూడా ఉన్నాయి. టీ కప్పు ఒలికితే అది కొంతవరకు కాపాడుతుంది. రాత్రివేళ పక్కగదిలో నిద్రపోయేవారికి చప్పుడు వినిపించకుండా చేస్తుంది. పదిమంది వాడే ప్రయోగశాలలో తీసి కడగడానికి వీలుగా ఉంటుంది. అనుభవం ఉన్న టైపిస్టు కొన్ని రోజులలో దానికి అలవాటుపడవచ్చు. పలుచనిదీ, సరిగా అమరినదీ అయితే పెద్ద తేడా తెలియకపోవచ్చు. ఇవన్నీ నేను కాదనను. అయితే నేర్చినవాడు అలవాటుపడడం వేరు; నేర్చుకుంటున్నవాడు ఆ అడ్డుతోనే నేర్చుకోవడం వేరు. దారి తెలిసినవాడు మంచులోనూ నడవగలడు. దారి నేర్చుకునేవానికి మంచు పనికిరాదు.

పైగా తొడుగు యంత్రానికి అన్నివేళలా మేలే చేస్తుందనీ చెప్పలేం. కొన్ని ల్యాప్‌టాప్‌లలో లోపలి వేడి కొంత కీబోర్డు గుండానే బయటికి పోతుంది. పొర దానికి అడ్డు. తెరకూ మీటలకూ మధ్య సందు చాలా తక్కువగా ఉండే యంత్రాలలో తొడుగు ఉంచి మూసినప్పుడు తెరమీద ఒత్తిడి పడుతుంది. ఆపిల్ సంస్థ తన ల్యాప్‌టాప్‌లను మూసేముందు కీబోర్డుమీది తొడుగును తీయమనే సలహా ఇస్తున్నది. దుమ్మునుంచి కాపాడదామని ఉంచిన వస్తువు అద్దానికి ముప్పు తేవచ్చునన్నమాట.

ఆ సంస్థ కథలోనే మనకు ఉపయోగపడే మరొక పాఠం ఉన్నది. 2015లో అది సీతాకోకచిలుక రెక్కల వంటి అమరికతో చాలా పలుచని కీబోర్డును ప్రవేశపెట్టింది. మీట దిగే దూరం మరీ తగ్గిపోయింది. చిన్న ధూళి కణం చేరినా మీట పట్టేస్తున్నదని, అక్షరాలు పడడంలేదని, రెండుసార్లు పడుతున్నాయని వాడుకదారులు ఫిర్యాదు చేశారు. 2018లో ఉచితంగా బాగుచేసే పథకాన్ని సంస్థ ప్రకటించవలసి వచ్చింది. ఆ ఏడాది విడుదలైన యంత్రాలలో మీటల కింద పలుచని సిలికాన్ పొరను అమర్చారు. చివరకు 2019లో మళ్లీ కత్తెర అమరికకు మరలారు. దుమ్ము భయం కుసుమంచి రైతుకే కాదు, ప్రపంచంలోని పెద్ద సంస్థకూ తప్పలేదు. అయితే గమనించండి. వారు పొరను మీటకు కింద పెట్టారు. వేలికీ మీటకూ మధ్య పెట్టలేదు. రక్షణకు ఒక చోటు ఉన్నది. అది వేలికొస ముందు కాదు.

మన సమాజంలో కొత్త వస్తువుమీది కాగితమో ప్లాస్టిక్కో తీయకుండా ఉంచే అలవాటు ఒకటి ఉన్నది. టీవీ రిమోట్‌కు సంచి, కొత్త కుర్చీకి పాలిథిన్ కవరు, ఇవన్నీ మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాం. కష్టపడి కొన్న వస్తువుమీది ప్రేమ అది. కానీ మన పెద్దలు రక్షణకూ వినియోగానికీ వేర్వేరు సమయాలు పెట్టారు. కత్తికి ఒర ఉన్నది. ఒరతోనే ఎవరూ యుద్ధం చేయరు. వీణకు గవిసెన ఉన్నది. గవిసెన విప్పకుండా ఎవరూ వాయించరు. తాళపత్ర గ్రంథానికి పైనా కిందా చెక్కపలకలు పెట్టి గుడ్డలో చుట్టేవారు, చదివేటప్పుడు విప్పేవారు. తొడుగు విశ్రాంతివేళ ఉండవలసినది, పనివేళ ఉండవలసినది కాదు. ఈ ఒక్క వివేకమే నేను మీనుంచి కోరుతున్నది.

ఆచరణలో ఇది కష్టమేమీ కాదు. టైపు చేసేముందు చేతులు కడుక్కుని తుడుచుకోండి. తినుబండారాలను దూరంగా ఉంచండి. పని ముగిసి, యంత్రం చల్లబడ్డాక దాన్ని మూసి, శుభ్రమైన గుడ్డసంచిలో పెట్టండి. వారానికొకసారి యంత్రాన్ని ఆపి, కొంచెం వంచి పట్టుకుని, మెత్తని కుంచెతో మీటల సందులను దులపండి. తొడుగు తప్పనిసరి అనుకుంటే, కల్లం పనులు జరిగే రోజుల్లో, ఇల్లు ఊడ్చే వేళల్లో పరచి, సాధనకు కూర్చున్నప్పుడు తీయండి. మూసేముందు అది మీటలమీద మిగిలిపోకుండా చూసుకోండి. ఇంతే. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు.

ఈ మాటలే ఆ రైతుకు చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "నాగలి కర్రుకు గుడ్డ చుట్టి దున్నుతమా సారూ, నిజమే" అన్నాడు. నేను పది వాక్యాలలో చెప్పినదాన్ని ఆయన ఒక్క వాక్యంలో చెప్పాడు. ఆ ఇంట్లోనే ఒక పాత తువాలుతో సంచి కుట్టారు. ఆ పిల్ల తొడుగు తీసి సాధన మొదలుపెట్టింది. మర్నాటినుంచే అద్భుతం జరిగిందని చెబితే అది అబద్ధమవుతుంది. మొదటి వారం మీటలు చురుక్కుమంటున్నాయన్నది. గట్టిగా ఒత్తే అలవాటు వెంటనే పోలేదు. తప్పులు ఇంకా వస్తూనే ఉన్నాయి. కానీ రెండు వారాల తరువాత ఒక మాట చెప్పింది: "సార్, ఇప్పుడు తప్పు పడంగనే నాకు తెలుస్తున్నది." నాకు అది చాలు. తప్పు తెలియడమే విద్యకు ఆరంభం. వేగం దాని వెనుక వస్తుంది.

ఉద్యోగం వస్తుందా రాదా అన్నది వేరే సంగతి. నన్ను కలవరపెట్టినది ఆమె నా ఇంటికి వచ్చిన సాయంకాలం అన్న మాట: "నా చేతిలోనే ఏదో లోపం ఉన్నది." ఎంతమంది గ్రామీణ విద్యార్థులు ఈ మాట అనుకుని మౌనంగా వెనుదిరుగుతున్నారో! పరికరం లోపాన్ని తమ లోపంగా, పరిస్థితుల అడ్డును తమ అశక్తతగా భావించి, నేర్చుకోగల విద్యను వదిలేస్తున్నారు. రాదని నిర్ణయించుకునేముందు, నడుమ ఏమి అడ్డున్నదో ఒకసారి చూసుకోవడం మీ హక్కు. అడిగినప్పుడు వెతికి చూపడం మా బోధకుల బాధ్యత.

మా కుసుమంచిలో కాకతీయుల కాలంనాటి గణపేశ్వరాలయం ఉన్నది. అక్కడి పెద్ద శివలింగాన్ని చూడడానికి దూరప్రాంతాలనుంచి భక్తులు వస్తారు. నేను వెళ్లినప్పుడల్లా ఆ రాతి స్తంభాలను ఒకసారి చేతితో తాకి వస్తాను. అంతటి కఠినశిలను నునుపు చేసిన శిల్పి, పని ఎప్పుడు పూర్తయిందో ఎట్లా తెలుసుకుని ఉంటాడు? కంటితో చూసి ఉంటాడు, నిజమే. కానీ చివరి తీర్పు అరచేతితో, వేలికొసలతో నిమిరి చెప్పి ఉంటాడని నా నమ్మకం. శతాబ్దాల తరువాత మన వేళ్లకూ ఆ నునుపు అందుతున్నది. మీ చేతికి వచ్చిన రాత పరికరం ఏదైనా కావచ్చు. దాన్ని భద్రంగా చూసుకోండి. పని మొదలుపెట్టేముందు మాత్రం తొడుగు తీసి పక్కన పెట్టండి. అక్షరాన్ని మీ వేళ్లు తాకనివ్వండి.